మెడ ఎవరిది, మొనగాడితనం ఎవరిది?

ఆట చూసేవాడికి ఆట మీద హక్కు వుంది. బాగుందనవచ్చు, బాగులేదనవచ్చు. కాని ఆడేవాడి మెడ మీద కూడా తనకు హక్కు వుందని చూసేవాడు అనుకోవడం మొదలుపెడితే అతనితో తగాదా పెట్టుకోక తప్పదు. అటువంటి తగాదా ఒకటి నాకూ, నాతోపాటు చదువుకొని, నాతోపాటు ఒకే జెండా కింద నడిచి, ఇప్పుడు నాతోపాటే పాఠాలు చెపుతున్న ఒక మిత్రుడికీ మధ్య వచ్చింది. నోటిమాటగా తేలలేదు గనుక కాగితం మీద పెడుతున్నాను.

2025 జూన్‌లో ముంబాయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ అని ఒకటి జరిగింది. ఏడుగురేసి ఆడే పొట్టి ఆట. ఆరు జట్లలో ఒకదానికి హైదరాబాదు పేరు పెట్టారు గనుక మా హాస్టలు కుర్రాళ్లకు రగ్బీ మీద మోజు పుట్టింది. మోజు పుట్టినవాళ్లు పదిహేనుగురు ఆడే అసలు ఆటను, పాత పోటీలను వెతికి చూడసాగారు. ఒక సాయంకాలం వాళ్లు 2023 ప్రపంచ కప్పు ఫైనల్ పెట్టుకొని చూస్తూ వుంటే నేనూ, నా మిత్రుడూ వెనక కుర్చీల్లో కూర్చున్నాము. న్యూజిలాండు నాయకుడు శామ్ కేన్, దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్‌ను ఆపబోయి, నిటారుగా నిలబడి, భుజంతో అతని తలకు తగిలాడు. ముందు పసుపు కార్డు చూపారు. వీడియో పరిశీలించి దాన్ని ఎర్ర కార్డు చేశారు. పురుషుల ప్రపంచ కప్పు ఫైనల్‌లో ఎర్ర కార్డు పడడం అదే మొదటిసారి. మిగిలిన ఆట అంతా నాయకుడు లేకుండా ఆడి న్యూజిలాండు 12-11 తేడాతో ఓడిపోయింది.

"ఆటను చంపేశారు" అన్నాడు నా మిత్రుడు. చంపింది తలకు భుజం తగిలించినవాడు కాదట, కార్డు చూపినవాడట!

అక్కడితో ఆగివుంటే అది ఒక ప్రేక్షకుడి చిరాకు అనుకొని వూరుకునేవాణ్ణి. కాని అతను ఆగలేదు. కుర్రాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకొని సిద్ధాంతం చెప్పాడు. రగ్బీ అంటేనే ఢీకొనడమనీ, ప్రమాదం తీసేస్తే మిగిలేది డ్రిల్లు మాత్రమేననీ, అందులో దిగేవాళ్లు అన్నీ తెలిసే దిగుతారనీ, అది వేల్సు గనికార్మికుల ఆట గాని గుమాస్తాల క్యారంబోర్డు కాదనీ, ఏనాడూ బరువు మోయని మధ్యతరగతివాళ్లకే ఈ సుకుమారమంతా అనీ అన్నాడు. కుర్రాళ్లు తలలూపారు. చివరి మాటకు మరీ గట్టిగా వూపారు. మన శిబిరంలో "మధ్యతరగతి సుకుమారం" అన్నామంటే ఇక ఎదుటివాడు జవాబు చెప్పనక్కరలేదు, సిగ్గుపడితే చాలు! నేను సిగ్గుపడడం లేదు గనుక జవాబు చెపుతాను.

రగ్బీ ఎరగనివారికోసం రెండు మాటలు. బంతి చంకలో పెట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఎదుటివాడు చేతులతో చుట్టి కింద పడగొట్టడాన్ని టాకిల్ అంటారు. ఆ ఆటకు అది ప్రాణం. దాన్ని తీసేయమని నేను అనడం లేదు. నా మిత్రుడు మాటిమాటికీ నా నోట ఆ మాట పెట్టి, తను పెట్టిన మాటకు తనే జవాబు చెప్పుకుంటున్నాడు. నేను మాట్లాడుతున్నది మూడు రకాల దెబ్బల గురించి. భుజాల ఎత్తు దాటి మెడకో తలకో తగిలేది ఒకటి. చేతులు చుట్టకుండా వట్టి భుజంతో గుద్దేది ఒకటి. మనిషిని నేల మీదినుంచి ఎత్తి, తలకిందులు చేసి వదిలేసేది మరొకటి. నియమావళిలో ఈ మూడూ తప్పులే. మరి తగాదా దేనికంటే, రాసివున్న నియమాన్ని అమలుపరచాలా వద్దా అన్నదానికి. ప్రమాదకరమైన టాకిల్‌ను అనుమతించాలని బాహాటంగా ఎవడూ అనడు. శిక్షించవద్దని మాత్రం అంటాడు. రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియదు.

2005 జూన్ 25న క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండు మీద మొదటి టెస్టు ఆడుతున్న బ్రిటిషు-ఐరిషు లయన్స్ జట్టు నాయకుడు బ్రయన్ ఓడ్రిస్కల్‌ను, ఆట మొదలై ఇంకా వేడెక్కకముందే, ఇద్దరు పట్టి ఎత్తి పడవేశారు. ఒకడు న్యూజిలాండు నాయకుడు టానా ఉమాగా, రెండవవాడు కెవెన్ మేయలాము. ఓడ్రిస్కల్ భుజం కీలు తప్పింది. ఆ పర్యటన అతనికి అంతటితో సరి. పట్టి ఎత్తినవాళ్లిద్దరికీ ఏ శిక్షా పడలేదు. ఎత్తి పడవేయడం అప్పటికే తప్పు. తప్పు పుస్తకంలో వుంది. ఈల మాత్రం రెఫరీ జేబులో వుంది.

ఆరేండ్ల తరువాత, 2011 ప్రపంచ కప్పు సెమీఫైనల్‌లో వేల్సు నాయకుడు శామ్ వార్‌బర్టన్ ఫ్రాన్సు ఆటగాడు విన్సెంట్ క్లెర్క్‌ను అట్లాగే ఎత్తి వదిలేశాడు. మొదటి ఇరవై నిమిషాలైనా కాలేదు. రెఫరీ అలెయిన్ రోలాండ్ వెంటనే ఎర్ర కార్డు తీశాడు. వేల్సు 9-8 తేడాతో ఓడిపోయింది. ఆ దేశమంతా గొల్లుమన్నది. వార్‌బర్టన్ దుర్మార్గుడు కాడు, కావాలని చేసినవాడూ కాడు; అతని శత్రువులు కూడా ఆ మాట అనలేదు. విచారణలో మూడు వారాల నిషేధం పడింది. నా మిత్రుడు ఈ ఉదాహరణ తనకు అనుకూలమనుకొని ఎత్తాడు. ఉద్దేశం లేనివాణ్ణి శిక్షించడం న్యాయమా అని అడిగాడు.

రోడ్డు మీద మనుషులను తొక్కే లారీ డ్రైవర్లలో ఎంతమందికి ఉద్దేశం వుంటుంది? ఉద్దేశం వున్నప్పుడు దానికి వేరే పేరూ, వేరే సెక్షనూ వున్నాయి. మెడ విరిగేటప్పుడు అది ఎదుటివాడి మనసులో ఏముందో విచారించి విరగదు. మైదానంలో వున్న రెఫరీకి ఆటగాడి హృదయం కనిపించదు, కనిపించేవి తల, భుజం, నేల, వాటి మధ్య దూరం. అవి చూసి తీర్పు చెప్పడమే అతని పని. 2005లో ఆ ఇద్దరి ఉద్దేశాలు ఎంత పవిత్రమో మనకు తెలియదు. భుజం సంగతి తెలుసు.

ఇక "ప్రమాదమే ఆటకు ఆత్మ" అన్న వాదన. ఇది కొత్తది కాదు. దీని వయస్సు నూట అరవై ఏండ్లు పైబడింది. 1863లో లండన్‌లో కొన్ని క్లబ్బులవాళ్లు సమావేశమై ఫుట్‌బాల్ సంఘం పెట్టుకొని నియమాలు రాసుకుంటున్నప్పుడు ఒక పేచీ వచ్చింది. ఆ రోజుల్లో బంతితో పరుగెత్తేవాడి మోకాలి కింద ఎముక మీద బూటుకాలితో తన్నడం ఆటలో భాగం. దాన్ని హాకింగ్ అనేవారు. అది వుంటే వయసు వచ్చి బుద్ధి తెలిసినవాడెవడూ ఆడడని కొందరన్నారు. బ్లాక్‌హీత్ క్లబ్బు ప్రతినిధి కాంప్‌బెల్ లేచి, అది తీసేస్తే ఆటలో ధైర్యమూ, గుండెనిబ్బరమూ పోతాయని వాదించాడు. అంతేకాదు, అప్పుడు కొందరు ఫ్రెంచివాళ్లను తెచ్చి ఒక వారం నేర్పితే చాలు, మిమ్మల్ని ఓడిస్తారని వెక్కిరించాడు. మాట నెగ్గక బ్లాక్‌హీత్ బయటికి నడిచింది.

తరువాత ఏమైంది? 1871లో ఇంగ్లండు రగ్బీ సంఘం పుట్టింది. దాన్ని పెట్టిన క్లబ్బుల్లో బ్లాక్‌హీత్ కూడా వుంది. ఆ సంఘం మొట్టమొదటిసారి రాసుకున్న నియమావళిలోనే హాకింగ్‌ను నిషేధించారు! ఏ తన్ను లేకపోతే ఆట చస్తుందని సమావేశం నుంచి లేచిపోయారో, ఎనిమిదేండ్లు తిరక్కుండానే ఆ తన్నును వాళ్లే తీసేశారు. ఆట చావలేదు. అమెరికావాళ్ల ఫుట్‌బాల్‌లోనూ ఇదే కథ. మైదానాల్లో విద్యార్థులు చచ్చిపోతూ వుంటే 1905లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విశ్వవిద్యాలయాలవాళ్లను పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం నియమాలు మార్చి బంతిని ముందుకు విసరనిచ్చారు. ఈనాడు ఆ విసురుడే ఆ ఆటకు అందం అంటున్నారు. ప్రతి తరంలోనూ ఏదో ఒక క్రూరత్వం ఆటకు ఆత్మ అనిపించుకుంటుంది. అది పోయిన తరువాత ఆత్మ మరొకచోట దొరుకుతుంది.

"కార్మికుల ఆట" అన్న మాట నా మిత్రుడు అనకుండా వుండవలసింది. ఆ చరిత్ర అతను చదివినట్టు లేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జి హోటల్‌లో ఉత్తర ఇంగ్లండు క్లబ్బులు సమావేశమై రగ్బీ సంఘం నుంచి చీలిపోయాయి. ఎందుకు? గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఆటకోసం పని మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలికి పరిహారం ఇవ్వనివ్వమన్నారు. చీలినవాళ్లు పెట్టుకున్న పరిహారం రోజుకు ఆరు షిల్లింగులు. ఆటలో డబ్బు ప్రసక్తి తెస్తే ఆట మైలపడుతుందన్నారు దక్షిణాది దొరలు. దొరకు కాలు విరిగితే పడక కుర్చీలో పడుకొని పత్రిక చదువుకుంటాడు. మిల్లు కార్మికుడికి కాలు విరిగితే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. దెబ్బకు ఓర్చుకోవడం వ్యక్తిత్వ వికాసం అన్న సిద్ధాంతం దొరల బళ్లలో పుట్టింది గాని గనిలో పుట్టలేదు. గనిలోవాడు దెబ్బ తగలకుండా చూడమనే సమ్మె కట్టాడు.

ఇష్టపడే దిగుతారు గదా అంటాడు. గనిలోకి దిగేవాడు కూడా ఇష్టపడే దిగుతాడు. కాగితం మీద సంతకం చేసే దిగుతాడు. కప్పు కూలకుండా దిమ్మెలు పెట్టమని అడగడానికి ఆ సంతకం మనకు ఎప్పుడైనా అడ్డం వచ్చిందా? సింగరేణి కార్మికుల విషయంలో నా మిత్రుడు "వాళ్లు తెలిసే దిగారు గదా" అన్న రోజు లేదు. పైగా అట్లా అన్నవాళ్ల మీద అతను చేసిన వుపన్యాసాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, మంచి వుపన్యాసాలు. మైదానంలో గడ్డి వుండేసరికి, పైన దీపాలు వెలిగేసరికి, పనివాడు పనివాడు కాకుండా పోతాడా?

1995లో పదిహేనుగురి రగ్బీ కూడా డబ్బు పుచ్చుకొని ఆడే ఆట అయింది. ఆటగాడు ఏడాది పొడుగునా శరీరం పెంచడం, ఆ శరీరంతో ఢీకొనడం వృత్తిగా పెట్టుకున్నాడు. ఫిజీ, సమోవా, టోంగా ద్వీపాల నుంచి పిల్లలు ఇంగ్లండు, ఫ్రాన్సు క్లబ్బుల్లోకి వలస పోతున్నారు. మన దేశంలోనూ గమనించండి, ఒడిశా ఆదివాసీ బాలికలు ఈ ఆటలో జాతీయ జట్టు దాకా వచ్చారు. రావడం మంచిదే, గర్వించదగిందే. కాని వాళ్ల తలలు ఏ నియమం కింద భద్రంగా వుంటాయో అడగవలసిన బాధ్యత వాళ్ల ఆటకు చప్పట్లు కొట్టేవాళ్ల మీద లేదా? 2003లో ఇంగ్లండు ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో స్టీవ్ థామ్సన్ ఒకడు. 2020 డిసెంబరులో, 42 ఏండ్ల వయస్సులో, తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని చెప్పాడు. కప్పు గెలిచిన ఆ ఆట తనకు గుర్తులేదన్నాడు. అతనితోపాటు కోర్టు కెక్కిన మాజీ ఆటగాళ్లు వందలమంది. వాళ్ల జబ్బులన్నీ తప్పుడు టాకిల్‌ల వల్లనే వచ్చాయని నేను అనను. ఏండ్ల తరబడి రోజువారీ సాధనలో తగిలిన చిన్న చిన్న దెబ్బలే పెద్ద కారణమని వాళ్లే అంటున్నారు. అటువంటప్పుడు, తప్పించగల దెబ్బలనైనా తప్పించవద్దా?

ఇంకొక సంగతి నా మిత్రుడికి ఆశ్చర్యం కలిగిస్తుంది. వృత్తి రగ్బీ వీడియోలు వేసుకొని, ఆటగాళ్ల తలకు దెబ్బ తగిలిన 611 ఘటనలను పరిశోధకులు పరిశీలించారు. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వాటిలో 464 టాకిల్‌లో జరిగినవి. ఆ 464లో 335 దెబ్బలు ఎవరి తలకు తగిలాయి? టాకిల్ చేసినవాడి తలకు! నిటారుగా నిలబడి పట్టేవాడివల్ల ప్రమాదం ఎక్కువ అనీ, నడుము వంచి పట్టేవాడివల్ల తక్కువ అనీ కూడా తేలింది. కనుక నా మిత్రుడు ఎవరి స్వేచ్ఛకోసం పోరాడుతున్నాడో వాడి తలే ముందు పగులుతున్నది. ధైర్యం మాటకు వస్తే, దూసుకువచ్చే నూరు కిలోల మనిషి తొడలకేసి నడుము వంచి భుజం పెట్టడానికే గుండె ఎక్కువ కావాలి. నిలబడి మెడకు చెయ్యి వేయడానికి ఏం కావాలి? పొడుగు!

పిల్లల సంగతి క్లుప్తంగా చెపుతాను, ఎక్కువ చెప్పడానికి మనసు రాదు. 2011లో ఉత్తర ఐర్లండులో ఒక పాఠశాల పోటీలో 14 ఏండ్ల బాలుడు తలకు దెబ్బ తగిలిన తరువాత కూడా ఆడుతూ మళ్లీ దెబ్బ తిని చనిపోయాడు. 2018 డిసెంబరులో ఫ్రాన్సులో 18 ఏండ్ల నికొలా షోవెన్, ఇద్దరు ఒకేసారి చేసిన టాకిల్‌లో మెడ విరిగి చనిపోయాడు. "తెలిసే దిగారు" అన్నమాట వీళ్ల తల్లిదండ్రుల ముందు ఎవడైనా అనగలడా?

ఫ్రాన్సు ఆ చావులను వూరికే పోనివ్వలేదు. 2019లో అక్కడి సమాఖ్య వృత్తి ఆటగాళ్లు కానివారి పోటీల్లో నడుముకు పైన టాకిల్ చేయరాదనీ, ఒకణ్ణి ఇద్దరు కలిసి పట్టరాదనీ నియమం పెట్టింది. తలా తలా ఢీకొనడం బాగా తగ్గిందని చెప్పింది. కాంప్‌బెల్ వెక్కిరించిన ఆ ఫ్రెంచివాళ్లే! ఇంగ్లండు సంఘం 2023 జనవరిలో అటువంటి నియమమే ప్రకటించింది. వేలాదిమంది అభ్యంతర పత్రం మీద సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా సంఘం క్షమాపణ చెప్పుకొన్నది, ఆ తరువాత నడుము గీతను పైకి జరిపి రొమ్ము ఎముక కింది అంచు దగ్గర నిలిపింది. సంప్రదించకుండా ప్రకటించడం తప్పే, ఆ కోపంలో న్యాయం వుంది. కాని గీత పైకి జరగడానికి అది కారణం కారాదు.

ఎదుటి పక్షం చేతిలో గట్టి వాదన ఒకటే వుంది. అది నా మిత్రుడికి తెలియదు గనుక నేనే చెపుతాను. 2018-19లో ఇంగ్లండులో ఒక వృత్తి పోటీలో టాకిల్ ఎత్తును చంకల దాకా తగ్గించి చూశారు. తలదెబ్బలు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించి మధ్యలోనే ఆపేశారు. బంతి పట్టినవాడూ వంగి, పట్టబోయేవాడూ వంగి, తలలు ఒకే ఎత్తుకు వచ్చాయి. ఇది నిజం. దీన్నుంచి తేలేది ఏమిటి? కొలబద్ద ఒక చోటికి జరపగానే పని అయిపోదు, వంగి పట్టడం చిన్నప్పటినుంచి నేర్పాలి, బంతి పట్టినవాడు ఎంత వంగవచ్చునో కూడా చెప్పాలి. ఒక మందు పడకపోతే మందు మారుస్తాం గాని రోగిని మొనగాడివై భరించమనం.

ఈలోపల కార్డుకు కూడా విరుగుడు కనిపెట్టారు. ఎర్ర కార్డు పడ్డవాడు మళ్లీ ఆటలోకి రాడు, కాని ఇరవై నిమిషాలు గడిచాక అతని బదులు మరొకణ్ణి దింపవచ్చు. 2025లో ఆరు దేశాల పోటీలో ఇది అమలు చేశారు. పోటీ చప్పబడకూడదు, టిక్కెట్టు కొన్నవాడి ఉత్సాహం తగ్గకూడదు! ఫ్రాన్సు దీనికి ఒప్పుకోనన్నది. ఇరవై నిమిషాల్లో ఖాళీ నిండుతుంది సరే, దెబ్బ తిన్నవాడి తల మాట ఎవరు చూస్తారు?

ఇంత దూరం రగ్బీకోసం పోనక్కరలేదు. మన చెడుగుడు చూడండి. కూతకు వచ్చినవాణ్ణి కాలో, చెయ్యో, మొండెమో పట్టుకోవాలి. ఇంకెక్కడా కావాలని పట్టుకోకూడదు. నోరు మూయరాదు, గొంతు పిసకరాదు, దెబ్బ తగిలేటట్టు మోటుగా పట్టరాదు, కాళ్లతో కత్తెర వేయరాదు. ఇవన్నీ కబడ్డీ నియమావళిలో స్పష్టంగా వున్నాయి. మెడ వదిలిపెట్టినందుకు చెడుగుడు ఆడంగి ఆట అయిందని ఏ వూళ్లోనైనా అన్నారా? నియమం అంత చక్కగా వుంది. అమలు ఎట్లా వుంటుందో నాకు తెలుసు. ఎట్లా తెలుసో చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది నిజాయితీ కాదు.

1988లో నేను కళాశాల జట్టులో ఆడేవాణ్ణి. ఒక పోటీలో చివరి కూతకు అవతలి జట్టునుంచి ఒక సన్నపాటి కుర్రాడు వచ్చాడు. నేను నేల మీద పడి వాడి కాలికి కత్తెర వేసి తిప్పాను. వాడి కూత తెగింది. మోకాలిలో ఏదో తెగిన చప్పుడు కూడా నాకు వినిపించింది. రెఫరీ నా పక్కనే వున్నాడు. ఈల వూదలేదు, వూదితే గెలుపు మాది కాదు, పోటీ మా వూళ్లో జరుగుతున్నది. మావాళ్లు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. గీత అవతల నిలబడి అందరికన్న గట్టిగా చప్పట్లు కొట్టినవాడు నా మిత్రుడే.

అయిదారేండ్ల తరువాత పార్టీ పనిమీద ఒక నేతగాళ్ల వూరికి పోతే ఆ కుర్రాడు కనిపించాడు. వాళ్లది గుంత మగ్గం. గుంతలో కూర్చొని రెండు కాళ్లతోనూ కింది పలకలు తొక్కితే తప్ప నేత సాగదు. వాడి కుడి మోకాలు వంగదు. మగ్గం మీద వాళ్ల అక్క కూర్చున్నది. వాడు గోడవార కాలు బారచాపుకొని కండెలు చుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను ఏదో గొణిగితే, "ఆటన్నాక తగలదా అన్నా" అని మంచినీళ్లు తెమ్మని అక్కకు చెప్పాడు.

"ఆటన్నాక తగలదా" అన్న మాటనే నా మిత్రుడు ఆ రోజు హాస్టల్లో కుర్రాళ్లకు సిద్ధాంతంగా చెప్పాడు. కండెలు చుట్టే మనిషి ఆ మాట అంటే అది వాడి పెద్దమనసు. గీత అవతల నిలబడి చప్పట్లు కొట్టినవాడు అంటే దానికి వేరే పేరు వెతకాలి. నా మిత్రుణ్ణి ఒకే ఒక ప్రశ్న అడుగుతున్నాను. 1988లో ఆ చివరి కూత దగ్గర రెఫరీ ఈల వూదవలసిందా, కాదా? ఔను అంటే శామ్ కేన్ కార్డు గురించి అతను చెప్పినదంతా వెనక్కు తీసుకోవాలి. కాదు అంటే ఆ వూరికి బస్సు వుంది, నేనే వెంట తీసుకుపోతాను; ఆ మాట అక్కడ చెప్పాలి. జవాబు ఈ పత్రికలోనే, వచ్చే సంచికలోనే రాస్తే బాగుంటుంది.